వేడి చల్లారకముందే

మొగుడి చొక్కాకు పడ్డ కన్నాలు చూసి ఆ రోజు ఆయన ఏ పని చేసొచ్చాడో ఆమె ఇట్టే చెప్పేయగలదు. కాలర్ చుట్టూ ఆవగింజలంత కన్నాలుంటే మెడ ఎత్తి నెత్తిమీది జాయింటు వెల్డింగ్ చేశాడన్నమాట. మోచేతి దగ్గర ఒకటే పెద్దదుంటే ఏదో ఇరుకు సందులో పక్కకు ఒరిగి చేశాడు. పొట్ట దగ్గర వరసగా ఉంటే బల్ల ముందు స్టూలేసుకుని సుఖంగా చేశాడు. ఆ రోజే ఇంటికొచ్చి నడుం విరిగిపోయిందని ఎక్కువ మూలుగుతాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ కన్నాలన్నిటికీ మాసికలు వేస్తున్నది ఆమే. అంతకుముందు అత్తగారు వేసేది, కొడుకువీ, పోయిన మామగారివీ. ఆ ఇంట్లో మగవాళ్ళు ఇనుము అతికితే ఆడవాళ్ళు గుడ్డ అతికారు. మొదటిదాన్ని పని అన్నారు, రెండోదాన్ని ఏమీ అనలేదు.

ఆ రోజు పొద్దున కూడా పొయ్యి మీద పాలు పెట్టి, వంటగట్టుకు ఆనుకుని ఆమె ఒక కాలర్‌కు మాసిక వేస్తోంది. ఇవాళ విసుగుతో కాదు, సంబరంతో. ఎందుకంటే ఆ చొక్కా ఆమెది. ఆ కన్నాలు ఆమె వెల్డింగ్ రవ్వలకు పడ్డవి.

"పరీక్షకెళ్ళి మళ్ళీ కాల్చుకొచ్చేదానికి మాసికెందుకమ్మాయ్?" అంది అత్తగారు గుమ్మంలోంచి.

"కాలితే మళ్ళీ వేసుకుంటానత్తయ్యా."

"పాలు పొంగుతున్నాయి చూడు."

చూసింది. ఇంకా పొంగలేదు. ఆ ఇంట్లో పాలు పొంగుతున్నాయని చెప్పే హక్కు అందరికీ ఉంది, రెండడుగులు వేసి పొయ్యి ఆర్పే పని మాత్రం ఒక్కరిదే. రోజూ అయితే ఆ సంగతి గొంతులో చేపముల్లులా గుచ్చుకునేది. ఇవాళ నవ్వొచ్చింది. ఇవాళ దేనికైనా నవ్వొచ్చేలా ఉంది.

"నా సాక్సెక్కడ చచ్చాయి?" అన్నాడు భర్త హాల్లోంచి. ఎప్పుడూ ఉండే సొరుగులోనే ఉన్నాయి. తీసి ఇచ్చింది. ఆయన వేసుకుంటూ తలెత్తకుండానే, "నీ రాడ్ల సంగతి నేను చూసుకున్నాలే, నువ్వేం కంగారుపడకు" అన్నాడు. పరీక్షకని ఆమెకిచ్చిన వెల్డింగ్ రాడ్ల మాట అది. ఆయన నోట 'నీ రాడ్లు' అన్న మాట రావడం అదే మొదటిసారి. ఆ ముచ్చటలో పడిపోయి, చూసుకోవడమంటే ఏం చూసుకున్నాడో అడగడం మరిచిపోయింది.

ఇద్దరూ పనిచేసేది ఒకే షెడ్డులో. ఆయన వెల్డరు, ఆమె గ్రైండింగ్ మనిషి. గొట్టాల అంచులు ఏటవాలుగా అరగదీయడం, ఆయన అతుకు మీద ఒక వరస వేయగానే దానిమీద పెంకులా గట్టిపడ్డ చిట్టెం కొట్టి, బ్రష్షుతో తోమి, తరవాతి వరసకు మెరిపించి ఇవ్వడం ఆమె పని. జాయింటు పూర్తయ్యాక వెల్డరు పక్కనే తన నెంబరు గుద్దుతాడు. ఆమె చేతిమీదుగా వెళ్ళిన ప్రతి జాయింటు పక్కనా ఆయన నెంబరే ఉంటుంది. ఒకసారి మాటవరసకు అంటే, "మన నెంబరే కదే" అన్నాడు. ఆ 'మన' అన్నది చాలా తమాషా మాట. నెంబరు మనది, మెప్పు మనది, ఇల్లు మనది. అంట్లు మాత్రం నీవి. ఆమె ఆ రోజు గ్రైండరు స్విచ్చి వేసింది. గ్రైండరు హోరులో మనిషి ఏం గొణిగినా ఎవరికీ వినబడదు.

అలాంటి షెడ్డులో సగం భాగాన్ని పైపులైను వేసే కంపెనీ ఒకటి వెల్డర్లను తయారుచేసుకోవడానికి తీసుకుంది. వాళ్ళతో ఒక ముసలి మేస్త్రి వచ్చాడు. ఆయన రాడ్డు ముట్టించిన చోటల్లా నల్లటి పొగ లేస్తుంది కాబట్టి మొదటి రోజే ఆయనకు పొగ మేస్త్రి అని పేరు పడిపోయింది. ఆయన చెప్పే పద్ధతి ఆ షెడ్డుకు కొత్త. గొట్టాన్ని గడియారం అనుకుంటే నెత్తిమీద పన్నెండు, అడుగున ఆరు. షెడ్డులో వాళ్ళంతా ఆరు దగ్గర మొదలుపెట్టి, ఆగి ఆగి, మెల్లగా పన్నెండుకు ఎక్కేవాళ్ళు. పొగ మేస్త్రి పన్నెండు దగ్గర రాడ్డు ముట్టించి సర్రున ఆరుకు దిగిపోతాడు. మైళ్ళ కొద్దీ పోవాల్సిన లైను కదా, ఎక్కుతూ కూర్చుంటే ఎప్పటికి పోతుంది. ఆమె భర్త మూడు రోజులు ప్రయత్నించాడు. చేతికి పట్టిన అలవాటు వదలక మధ్యలో ఆగేవాడు. ఆగిన చోటల్లా కన్నం పడేది. నాలుగో రోజు రాడ్డు బిగించే హోల్డరు కింద పడేసి తీర్పు చెప్పేశాడు. "వెల్డింగంటే కింది నుంచి కట్టుకుంటూ పోవడం. ఇది వెల్డింగ్ కాదు, జారుడుబల్ల ఆట."

ఆ జారుడుబల్ల ఆటలో ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ట్రైనీలు వేసిన వరసలు గ్రైండు చేయడానికి ఆమెను అటు పంపారు. చేస్తూ చేస్తూ, ఎవడి చెయ్యి ఎక్కడ తడబడిందో, ఎక్కడ భయపడి రాడ్డు పైకెత్తాడో ఇనుమే ఆమెకు చూపించింది. చొక్కా కన్నాలు చదివిన కళ్ళు కదా. ఒక మధ్యాహ్నం పొగ మేస్త్రి ఆమె చేతిలో గ్రైండరు తీసుకుని హోల్డరు పెట్టాడు.

"ఇది లాలించే రాడ్డు కాదమ్మా, తోసే రాడ్డు. లోపలికి నొక్కు, నొక్కి లాగు. భయపడి పైకెత్తావా, అయిపోయావే. కళ్ళు కన్నం మీద, చెవులు గొట్టం లోపల."

ఆమెకు వదిలించుకోవాల్సిన పాత అలవాటేదీ లేదు. ఎవరూ నేర్పనిదాని లాభం అదొక్కటే. మొదటి వరస వంకరగా వచ్చింది. పదో వరసకు మేస్త్రి పొగలోంచి నవ్వాడు. ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం కలుపుతుంటే కూడా చెవిలో గొట్టం లోపలి మోతే. కూర మాడ్చింది. "ధ్యాసెక్కడుందే?" అన్నాడు ఆయన. ఎక్కడుందో చెప్పినా ఆయనకు దారి తెలియదని మనసులో అనుకుంది.

ఇంట్లో ఆమె పరీక్షకు కూర్చుంటానన్నప్పుడు పెద్ద గొడవేం జరగలేదు. గొడవ చేసేంత పెద్ద విషయంగా ఎవరూ అనుకోలేదు, అదే అసలు అవమానం. "రాయనీలేరా, సరదా" అంది అత్తగారు. "నెగ్గితే కాగితం ఫ్రేము కట్టించి హాల్లో పెడదాం" అన్నాడు ఆయన ఉదారంగా. నెగ్గినవాళ్ళు లైనుతో పాటు నెలల తరబడి ఊళ్ళు దాటి పోవాలని ఇద్దరికీ తెలుసు. ఆమె పోదని కూడా ఇద్దరికీ తెలుసు. ఆమెనే ఎవరూ అడగలేదు. నిజానికి ఆ లైను వెంట పోవాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. రోజూ పొద్దున లేచేసరికి కొత్త నేల, కొత్త జాయింటు, పక్కన తన నెంబరు. ఇంత కావాలనుకోవడం కూడా ఒక పనే అన్నట్టు ఒళ్ళంతా అలిసిపోయేది.

షెడ్డుకు వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టరు వచ్చేశాడు. నేలమీద పసుపు గీత గీసి, మిగిలిన వాళ్ళందరినీ దాని వెనక నిలబెట్టారు. పొగ మేస్త్రి కూడా గీత అవతలే, నోరు మెదపకూడదని నిబంధన. స్టాండు మీద రెండు గొట్టం ముక్కలు మూతీ మూతీ ఎదురెదురుగా, మధ్యలో సన్నటి సందుతో ఆమె కోసం కాచుకుని ఉన్నాయి. నిన్ననే ఆమెకు ఇచ్చిన రాడ్ల డబ్బా అలమారలో పెట్టింది. తీద్దామని వెళ్తే అక్కడ లేదు.

అప్పుడు భర్త షెడ్డు రెండో చివర నుంచి నడిచొచ్చాడు. చేతిలో మూతపెట్టిన డబ్బా, ముఖంలో కొత్త పెళ్ళికొడుకు కళ. అందరూ చూస్తుండగా మూత తీసి ఆమె ముందు పెట్టాడు. "నిన్న సాయంత్రం ఓవెన్లో పెట్టించా. రాత్రంతా కాగాయి. ముట్టుకో, ఇంకా వేడిగానే ఉన్నాయి." గీత వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. పెళ్ళాం కోసం మొగుడు ఇంత చేయడం ఆ షెడ్డులో ఎవరూ చూడలేదు మరి.

ఆమె గ్లవ్ తీసి ఒక రాడ్డు ముట్టుకుంది. వెచ్చగా ఉంది. రంగు మారి, పూత మాడిన రొట్టె అంచులా ఉంది. ఆయన వాడే రాడ్లకు తేమే శత్రువు, అందుకని వాటిని ఓవెన్లో కాచి కాచి వాడతారు. ఈ రాడ్లు వేరే జాతి. వీటి పూతలో చెక్కగుజ్జు ఉంటుంది, అందులోని కాస్త తేమే వీటి ఊపిరి. ఆ ఊపిరితోనే మంట ఇనుములోకి తన్నుకుంటూ పోతుంది. చిట్టెం పల్చగా, అప్పటికప్పుడు గడ్డకట్టేలా వస్తుంది, కిందికి దిగుతున్నా చెయ్యి కంటే ముందు కారదు. ఎండగట్టి ఆ తేమ తీసేస్తే మంటలో పొగరు చస్తుంది. వేసిన వరసంతా పురుగు తిన్న చెక్కలా బొక్కలు పడుతుంది. పొగ మేస్త్రి మొదటి రోజు చెప్పిన మొదటి ముక్క అదే. జారుడుబల్ల ఆట నాలుగు రోజుల్లో మానేసిన మనిషి దాన్ని చెవిన పెట్టలేదు.

ఆయన కావాలని చేయలేదు. అదే వచ్చిన చిక్కు. కావాలని చేసుంటే తిట్టి అవతల పారేసేది. ప్రేమగా పాడుచేసినవాటితో ఎలా వేగాలో ఆమెకు ఇన్నేళ్ళుగా ఒకటే పద్ధతి తెలుసు, బాగుందండీ అనడం. ఆయన మేకులు కొట్టిన బల్ల ఒక కాలు పొట్టి, దానికింద ఇప్పటికీ అట్టముక్క మడిచి పెడుతూనే ఉంది, బాగుందండీ. ఏడాదికోసారి ఆయన చేసే కూరలో ఉప్పు ఎక్కువ, ఆ ఏడాదికోసారీ రెండోసారి వడ్డించుకుని తింది, బాగుందండీ. ఇప్పుడు కూడా ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనేసి, ఈ రాడ్లతోనే వేసి, పరీక్ష పోగొట్టుకుని ఇంటికి పోవచ్చు. ఆయన పరువు నిలబడుతుంది. సాయంత్రం ఆయనే, "పోనీలే, నువ్వు ప్రయత్నించావుగా" అని ఓదారుస్తాడు కూడా. ఆ ఓదార్పు ఎలా ఉంటుందో ముందే వినిపించి ఒళ్ళు మండింది.

"మొదలుపెట్టాక రాడ్లు మార్చడం కుదరదు. రెడీనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"లేదండీ. నాకు కొత్త డబ్బా కావాలి."

"వీటికేమైంది?"

"ఓవెన్లో పెట్టారండీ. ఇవి పెట్టకూడనివి."

"ఎవరు పెట్టారు?"

పొరపాటున పెట్టాం అందామనుకుంది. నోరు తెరిచాక ఆ మాట రాలేదు. "మా ఆయన" అంది.

గీత వెనక నవ్వులు లేచాయి. భర్త ముఖం కందిపోయింది. "నా సర్వీసంతా కాచిన రాడ్లే వాడాను. వేడి చేస్తే చెడిపోయే రాడ్డు ఎక్కడైనా ఉంటుందా? ఏం కాదు, వేసెయ్" అన్నాడు గొంతు తగ్గించి. ఆమెకు ఆయన్ని చూస్తే జాలేసింది. జాలేసినా కొత్త డబ్బా కోసం చెయ్యి చాపే ఉంచింది. ఇన్‌స్పెక్టరు ఒక రాడ్డు తీసి వెలుతురుకు తిప్పి చూసి, సీలు తీయని డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. చేతికి చల్లగా తగిలింది. ఆ చల్లదనానికే సగం ధైర్యం వచ్చింది.

ముఖానికి షీల్డు దించుకుంది. లోకం చీకటైపోయింది. పన్నెండు దగ్గర రాడ్డు గీసింది. చిటపటమంటూ వెలుగు పుట్టింది, ఆ వెలుగులో తాళంచెవి కన్నమంత చిన్న రంధ్రం కనిపించింది. ఇక ఆమె బతుకంతా ఆ కన్నమే. ఆగితే పెద్దదై కూలిపోతుంది, పరిగెత్తితే మూసుకుపోతుంది. రాడ్డును లోపలికి నొక్కింది. మంట సందులోంచి దూరి గొట్టం లోపల హోరెత్తింది. చెవులు గొట్టం లోపల అని మేస్త్రి చెప్పిన హోరు. అది వినబడుతున్నంత సేపూ లోపలిదాకా అతుకుతున్నట్టే లెక్క. రెండు దాటింది. మూడు దగ్గర మోకాలు వంచింది. నాలుగు, అయిదు. ఒళ్ళు దానంతటదే కిందికి దిగుతోంది, చెయ్యి మాత్రం ఎక్కడా ఆగడం లేదు. రవ్వలు కాలర్‌లోకి దూకాయి, పొద్దున వేసిన మాసిక కాలిన వాసన వచ్చింది. కాలనీ. పెళ్ళిలో నవ్వలేదు ఇంత నవ్వు, షీల్డు లోపల ఒక్కతే నవ్వుకుంటోంది. ఆరు దగ్గర దాదాపు నేలమీద కూర్చుని ముగించింది. లేచి రెండో వైపుకు తిరిగి మళ్ళీ పన్నెండు నుంచి దిగింది.

మొదటి వరసను రూటు అంటారు. దాన్ని అరగదీస్తుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎన్నో ఏళ్ళుగా గ్రైండరు పట్టింది గానీ తన పేరున లెక్కకొచ్చే వరసను తనే అరగదీయడం ఇదే మొదలు. రూటు అంచుల వెంబడి రెండు పక్కలా బండిచక్రాల జాడల్లా చిట్టెం ఇరుక్కుని ఉంటుంది. గ్రైండరు పైపైన తీస్తుంది. మిగిలినదాన్ని కరిగించి పైకి తేవాలంటే వెంటనే ఎక్కువ కరెంటుతో రెండో వరస వేయాలి. దాన్ని హాట్ పాస్ అంటారు. రూటు సన్నది, పసిది. దాని మానాన దాన్ని వదిలేసి చల్లారనిస్తే చిట్టెం లోపలే ఉండిపోతుంది, రూటు నిలువునా పగిలినా పగులుతుంది. వేడి ఉండగానే వేసేయాలి.

సరిగ్గా అప్పుడే భర్త గీత దాటి నీళ్ళ సీసాతో వచ్చాడు. చిన్నబోయిన ముఖంతో, "కాస్త తాగి, ఊపిరి పీల్చుకో. ఏం మునిగిపోయిందిప్పుడు?" అన్నాడు. గొంతు ఎండుకుపోయే ఉంది. "తరవాత తాగుతానండీ" అని ఆమె షీల్డు దించుకుంది. ఆయన సీసా పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. కొత్త రాడ్డు భగ్గుమంది. రవ్వలు ఎగిరాయి. ఆయన ఒకడుగు వెనక్కి వేయడం ఆమెకు చప్పుడును బట్టి తెలిసింది.

ఆ మీద ఒకదాని మీద ఒకటి వరసలు నింపింది. రెండు నుంచి అయిదు దాకా పక్కలు పల్చబడితే అక్కడ మాత్రం ఇంకో పూత వేసింది. చివరి వరస చేతికి అద్దుకున్నట్టు వచ్చింది. అంతా అయ్యాక నీళ్ళ సీసా అడిగి తీసుకుని గటగటా తాగేసింది.

జాయింటును పట్టీలుగా కోసి యంత్రంలో పెట్టి వంచారు. వంగేటప్పుడు అతుకు విచ్చుకుంటే అంతే సంగతులు. ఒక్కో పట్టీ గుర్రపు నాడాలా వంగింది. ఇన్‌స్పెక్టరు ఒక్కోదాన్నీ తడిమి, భూతద్దంతో చూసి, పక్కన పెట్టాడు. ఆఖరిది పెట్టి, "నెగ్గారు" అన్నాడు. పొగ మేస్త్రి గీత దాటి వచ్చి ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. ఇన్‌స్పెక్టరు ఆమె చేతిలో చిన్న ఉక్కు అచ్చులు పెట్టాడు. అవి ఆమె నెంబరు. మిగిలిన గొట్టం ముక్క మీద సుత్తితో ఆమే గుద్దింది.

"లైను మీదికి వెళ్ళే బండి ఎల్లుండి బయలుదేరుతుంది. ఇంట్లో అడిగి చెప్పండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆమె నోరు తెరిచేలోగా భర్తే అందుకున్నాడు. "ఇంటికెళ్ళి మెల్లగా మాట్లాడుకుని చెప్తాం సార్. తొందరేముంది?"

గొట్టం మీద ఆనించిన ఆమె అరచేతికి ఇంకా వెచ్చగా తగులుతోంది. మెల్లగా మాట్లాడుకోవడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇంటికెళ్ళేసరికి అత్తగారి మోకాళ్ళ నొప్పి ఎదురొస్తుంది. భోజనాలవుతాయి, అంట్లవుతాయి. ఆయన ముఖం ముడుచుకుని పడుకుంటాడు. తెల్లారితే పాలు, సాక్సు. ఎవరూ వద్దనరు. వద్దనాల్సిన పనే రాదు. చల్లారిపోతుంది, అంతే. రూటు వేసి, మిగతాది ఇంటికెళ్ళి మెల్లగా మాట్లాడుకుని వేసిన వెల్డరు ఎక్కడా లేడు.

"అడగడానికేం లేదండీ. ఇంట్లో చెప్పి వస్తాను. బండిలో నాకో చోటు ఉంచండి" అంది. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆమే ఆశ్చర్యపోయింది.

ఇంటికి రాగానే ఆమె చెప్పేసింది. సంగతి విని అత్తగారు చాలాసేపు కోడలి కాలిన కాలర్ వంక చూసింది. కోడలు లోపలికెళ్ళి తన చొక్కాలు తీసి మంచం మీద పేర్చుకోసాగింది. కాసేపటికి భర్త వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఆయన చొక్కా. ఛాతీ దగ్గర ఒకటే కన్నం. ఆ చోట కన్నం పడటం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఏ పనికి అక్కడ పడుతుందో మొదట అంతుపట్టలేదు. తరవాత అర్థమైంది. ఇంకొకరు వెల్డింగ్ చేస్తుంటే ఎదురుగా నిలబడి చూసేవాళ్ళకు అక్కడ పడుతుంది.

"నీ రవ్వే" అన్నాడు చొక్కా చాపుతూ. కోపమో, మరేమిటో ఆయనకే తెలియనట్టుంది.

ఆమె కుట్టు డబ్బాలోంచి సూది తీసి, దారం ఎక్కించి, ముడివేసి, ఆ సూదిని ఆయన వేళ్ళ మధ్య పెట్టింది.

"మాసిక మీరు వేసుకోండి. నేను సర్దుకోవాలి."

ఆయన సూది పట్టుకుని దిక్కులు చూస్తుంటే హాల్లోంచి అత్తగారి గొంతు వినబడింది. "ఇలా వచ్చి వెలుతురులో కూర్చో. అయిదు నిమిషాల్లో నేర్పేస్తా, ఆడపని కాదురా అది, కుట్టుపని."